జొన్నరొట్టె చెప్పు చరిత్ర

చరిత్ర యనగానే మనకు కోటలును రాజులును జ్ఞాపకమునకు వచ్చుదురు. జమ్మలమడుగునకు చేరువను, పెన్నానది లోయ యొడ్డున గండికోట యున్నది. 1652లో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే ఆ కోటకు వచ్చి, తన యాత్రాగ్రంథములో దానిని వర్ణించెను. అందలి గొప్ప ధాన్యాగారము నేటికిని నిలిచియున్నది. లోపల గింజ లేదు. ఆ గింజ పండించినవారు తమ యింట ఏమి తినిరో కోటగోడలు చెప్పవు. చెప్పునది మన జొన్నరొట్టె.

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతముల నల్లరేగడి వాననీటిని కడుపులో దాచుకొనును. వానలు వెనుదీసినను ఆ తేమతోనే జొన్న పండును. పులివెందుల మెట్టపొలములలోను జొన్న, కొర్రలే బీదవాని కాధారమై యుండెను.

ఇంగ్లాండు గ్రామములలో గోధుమపిండిని పులియబెట్టి, పొంగించి, మూసిన పొయ్యిలో కాల్చుదురు. జొన్నపిండికి ఆ సాగుడు లేదు. కాబట్టి మన తల్లులు మరిగిన నీళ్లు పోసి పిండి కలిపి, అరచేతి మడమతో మర్దించి, పలకమీద చేతితో తట్టుదురు. పెనముమీద వేసి, పైన తడిచేయి రాచి, తిరుగవేసి కాల్చుదురు. చెనిక్కాయల పచ్చడితో తిన్నయెడల దాని రుచి వేరు.

అయితే ఈ రొట్టెయు దొరకని దినములు వచ్చెను. 1876-78 కరవు కడపజిల్లాను కాల్చివేసెను. 1877లో సర్ రిచర్డు టెంపుల్, కరవుపనిలో మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, అనగా అరకిలోకంటె తక్కువ, దానితో ఒక అణాను కూలిగా నిర్ణయించెను. కష్టించు దేహమునకు అది చాలదని మద్రాసు ప్రభుత్వపు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిషు గట్టిగా వాదించెను. ఆ యేటనే కూలి పెంచబడెను. ఒక రొట్టె ఎంత పెద్దదిగా నుండవలెను అను ప్రశ్నలో వేలమంది ప్రాణములు ఇమిడియుండెను.

1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చెను. బీదయిండ్లలో అన్నము ఉడికెను. అందుకు మనము సంతోషింపవలసినదే. కాని క్రమముగా జొన్నచేలు తగ్గెను, రొట్టె తట్టు చేతులును తగ్గెను. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించెను. నిన్నటి బీదల తిండిని నేడు పట్టణములలో వెలపెట్టి కొనుచున్నారు.

గింజను అంగడిలో కొనవచ్చును; చేతివాటమును కొనలేము. కాబట్టి, మీ యింట అవ్వగాని జేజిగాని యున్నయెడల, ఈ వారమే ఆమె ప్రక్కన కూర్చుండి ఒక రొట్టె తట్టుట నేర్చుకొనుడి. కరవునాటి మాటలును అడుగుడి. గండికోట రాళ్లు మరికొన్ని శతాబ్దములు నిలుచును. ఆమె చేతులు అంతకాలము ఆగవు.