ఏడు జట్లతో మొదలై ఐదుతో ముగిసిన సీజన్

హాకీ అంటే మనకి ధ్యాన్ చంద్, గడ్డి మైదానం. మంచు మీద ఆడే హాకీ సంగతి కెనడాలోనో అమెరికాలోనో ఉన్న మనవాళ్ళకి కాస్త తెలుసు. బ్రిటన్‌లో కూడా దానికో ప్రొఫెషనల్ లీగ్ అంటే, "అక్కడ ఫుట్‌బాల్ తప్ప ఇంకోటి ఎవరు చూస్తారండీ?" అంటారు. చూస్తారు. 1997 ఫిబ్రవరిలో మాంచెస్టర్ స్టార్మ్, షెఫీల్డ్ స్టీలర్స్ తలపడితే 17,245 మంది వచ్చారు. ఫైనల్ కూడా కాదు, మామూలు లీగ్ మ్యాచ్.

అదే స్టార్మ్ 2002 నవంబర్లో, సీజన్ మధ్యలో, దుకాణం కట్టేసింది. మధ్యలో గడిచింది ఆరేళ్ళు కూడా కాదు!

డాట్‌కామ్ రోజులు చూసినవాళ్ళకి ఈ కథ పెద్ద కొత్తగా అనిపించదు. 1996లో ఎనిమిది జట్లతో ఐస్ హాకీ సూపర్‌లీగ్ మొదలైంది. చిన్న ఊళ్ళ పాత రింకులు కాదు, నగరాల్లో కొత్తగా కట్టిన పెద్ద పెద్ద అరీనాలు కావాలి, ఉత్తర అమెరికా నుంచి మంచి ఆటగాళ్ళు రావాలి, జనం వాళ్ళే వస్తారు - ఇదీ ఆలోచన. ఆటగాళ్ళు వచ్చారు. ఎంతగా వచ్చారంటే జట్లు కెనడా వాళ్ళతో నిండిపోయి స్థానిక కుర్రాళ్ళకి చోటు కరువైంది. జనం మాత్రం రోజూ 17 వేలు రారు కదా. టీవీ డబ్బులు అంతంతమాత్రం. జీతాలు, అరీనా అద్దె మాత్రం ఆగవు.

ఇక్కడో మెలిక ఉంది. మొదట్లో స్టార్మ్ యజమాని ఆగ్డెన్, అంటే ఆ అరీనాని నడిపే కంపెనీయే. అద్దె ఓ జేబులోంచి తీసి ఇంకో జేబులో పెట్టుకోవడమే అన్నమాట. జట్టు చేతులు మారాక అదే అద్దె నిజం ఖర్చయింది. లెక్క అప్పుడు కదా బయటపడేది! నన్నడిగితే సూపర్‌లీగ్ జబ్బంతా ఈ ఒక్క జట్టులోనే కనబడుతుంది.

2002-03 సీజన్ ఏడు జట్లతో మొదలైంది. స్కాట్లండ్ జట్టు ఈగిల్స్ ఆ ఏడాదే అయర్ అనే చిన్న ఊరు వదిలి గ్లాస్గో పక్కనున్న బ్రేహెడ్ అరీనాకి మకాం మార్చింది. పట్టుమని పది మ్యాచ్‌లైనా సొంత ఐస్ మీద ఆడకుండానే, ఆ నవంబర్లోనే అదీ మూతపడింది. ఒకే నెలలో రెండు జట్లు! లీగ్ వాళ్ళేం చేశారంటే, ఆ రెండు జట్లూ అప్పటిదాకా ఆడిన మ్యాచ్‌ల ఫలితాలన్నీ పట్టికలోంచి తీసేశారు, మనం టేబుల్‌లో రోలు డిలీట్ చేసినట్టు. సరే, లెక్క ప్రకారం అంతకన్నా దారి లేదు. కానీ టికెట్ కొనుక్కుని వెళ్ళి గొంతు చించుకుని అరిచినవాళ్ళ సాయంత్రాలు ఏ ఖాతాలో వేయాలి?

మిగిలిన ఐదు జట్లూ వాటితో అవే మళ్ళీ మళ్ళీ ఆడుకున్నాయి. షెఫీల్డ్ లీగ్ గెలిచింది. ప్లేఆఫ్స్ ఫైనల్లో బెల్‌ఫాస్ట్ జెయింట్స్ లండన్ నైట్స్‌ని ఓడించింది. (ఈ జెయింట్స్‌ది వేరే కథ. ఏ ఫుట్‌బాల్ చొక్కా వేసుకున్నావన్నదాన్ని బట్టి మతం చెప్పేసే ఊళ్ళో, కేథలిక్కులూ ప్రొటెస్టంట్లూ పక్కపక్కన కూర్చుని చూసేలా పెట్టిన జట్టు.) ఆ వేసవిలో నైట్స్ పోయింది, బ్రాక్‌నెల్ కింది లీగ్‌కి దిగిపోయింది, సూపర్‌లీగ్ కూడా పోయింది. నైట్స్ ఆడిన లండన్ అరీనాని 2006లో కూల్చేశారు కూడా.

మిగిలిన షెఫీల్డ్, నాటింగ్‌హామ్, బెల్‌ఫాస్ట్ ఇంకొందరితో కలిసి 2003లో ఎలీట్ లీగ్ పెట్టుకున్నాయి. అందులో మాంచెస్టర్ నుంచి కూడా ఓ జట్టు ఉంది, ఫీనిక్స్. స్టార్మ్ పోయాక అభిమానులు పట్టుబట్టి కూడగట్టుకున్న జట్టిది. మరి ఎక్కడ ఆడారనుకున్నారు? అదే పాత అరీనాలో :) ఒక్క సీజన్ తిరిగేసరికి ఖర్చు భరించలేక ఆట ఆపేశారు. మళ్ళీ ఐస్ ఎక్కడానికి 2006 దాకా ఆగాల్సి వచ్చింది, ఆల్ట్రింగ్‌హామ్‌లో చిన్న రింకు తయారైంది మాత్రం 2007లో. 2017 జనవరిలో ఫీనిక్స్ కూడా మూతపడింది. ఈలోగా 2015లో ఆల్ట్రింగ్‌హామ్ రింకులోకి కొత్త జట్టొకటి దిగింది. దాని పేరు మాంచెస్టర్ స్టార్మ్.