ఆటస్థలంలో ఒక ఉపాధ్యాయుడు

బాలుడు ఆటకు వెచ్చించిన గంట చదువునుండి దొంగిలించిన గంటేనని తలచే సంరక్షకులు అన్ని కాలాల్లోనూ ఉన్నారు. పరీక్షలు దగ్గరపడగానే పాఠశాలల్లో మొదట రద్దయ్యేది కూడా ఆటల పీరియడే. 1111లో పరమపదించిన ఇమాం గజాలీ (రహ్మ) 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో ఈ ధోరణిని ఎన్నడో తప్పుపట్టారు. మక్తబ్ నుండి వచ్చిన పిల్లవానికి మంచి ఆట ఆడుకునే అనుమతి ఉండాలనీ, ఆట మాన్పించి ఎడతెగని చదువుతో అలసిపోజేస్తే వాని హృదయం మొద్దుబారి, తెలివి నశించి, చివరకు చదువును తప్పించుకునే ఉపాయాలు వెతుకుతాడనీ వారి అభిప్రాయం. హృదయాన్నీ బుద్ధినీ వారు ఒక్కచోటనే ప్రస్తావించడం గమనార్హం. వ్యాయామానికీ, పిల్లల ఏకాగ్రతకూ, ఆవేశ నిగ్రహానికీ గల సంబంధాన్ని గూర్చి నేటి పరిశోధకులు చెబుతున్నది దీనికి ఎంతో దూరంగా లేదు.

ఈ భావానికి ఆచరణ రూపం మన హైదరాబాదులోనే లభిస్తుంది. 1909లో జన్మించిన సయ్యద్ అబ్దుల్ రహీం భారత ఫుట్‌బాల్ శిక్షకునిగా ప్రసిద్ధులు. 2024లో విడుదలైన 'మైదాన్' చిత్రంతో ఆ పేరు మళ్ళీ వినబడింది. అయితే ఉస్మానియాలో చదివిన ఆయన వృత్తిరీత్యా బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలల్లో బోధించారు. వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది విద్యార్థుల ఆటల బాధ్యత స్వీకరించారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు.

ఆయన ఏర్పాటు చేసిన పోటీల్లో రెండు విలక్షణమైనవి. ఒకదానిలో ఆటగాడు తన బలహీనమైన కాలితోనే బంతిని తన్నాలి. మరొకదానిలో డ్రిబ్లింగ్ నిషిద్ధం. బంతిని వెంటనే సహచరునికి అందించాలి. మొదటిది అలవాటుపడిన దారిని విడిచి కొత్తగా నేర్చుకోమంటుంది. అందులో తడబడడం, నలుగురిలో నవ్వులపాలు కావడం, అయినా కొనసాగడం ఉన్నాయి. రెండవది 'నేను' అనే అహాన్ని అణచి, బంతి రాకముందే ఎవరెక్కడ ఉన్నారో గమనించమంటుంది. ఇవి కాలికి నేర్పిన పాఠాలా, మనస్సుకు నేర్పినవా? రెండింటినీ వేరుచేయడం కష్టం.

ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాల్గవ స్థానం పొందింది. సికిందరాబాదు సమీపాన అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఉన్నారు.

అసలు పరీక్ష 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఎదురైంది. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానీయకపోవడంపై భారత క్రీడాధికారి ఒకరు అభ్యంతరం తెలుపగా స్థానిక ప్రేక్షకులు ఆగ్రహించి ఉన్నారు. భారత్ తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. థాయ్‌లాండ్‌తో ఆడుతూ రక్షణ శ్రేణిలోని జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం అతనిని సెమీ ఫైనల్లో ముందు వరుసకు మార్చారు. ఏళ్ళ తరబడి గోల్ ఆపడమే పనిగా ఉన్నవాడు గోల్ వేసే పనికి పూనుకున్నాడు! బలహీనమైన కాలి పాఠం మరో రూపంలో వచ్చిందన్నమాట. సెప్టెంబర్ 4న జరిగిన ఫైనల్లో ప్రత్యర్థి మళ్ళీ కొరియాయే. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ అనారోగ్యంతోనే ఆడారు. గేలి అరుపుల మధ్య పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ చేయగా భారత్ 2-1తో స్వర్ణం గెలిచింది.

అప్పటికే రహీం ఊపిరితిత్తుల కేన్సరుతో బాధపడుతున్నారు. 1963 జూన్ 11న మరణించారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఆ తరువాత మరో స్వర్ణం రాలేదు.