గునుగు కట్టలు కడుతూ

ఆ కట్టె జర ఎనుకకు గుంజు బిడ్డా, మంట ఎక్కువైతున్నది. నువ్వులను సన్నటి సెగ మీదనే ఏంచాలె. మాడినయంటె రేపు సద్దులల్ల చేదొస్తది. లోపల గ్యాస్ పొయ్యి ఉన్నది, కాదంట లేను. గని పెరట్ల మూడు రాళ్లు పెట్టుకొని, పొద్దుగూకినంక చల్లగాలికి ఇట్ల కూసుంటెనే నాకు సద్దుల బతుకమ్మ వచ్చినట్టు. దా, పక్కకు కూసో. చేతులు ఊరికె ఉంచకు, ఆ గునుగు కట్టలు కట్టుకుంటనే ఇను.

పొద్దున నేనడిగితె ఏమన్నవు? "మా కాలేజీల బతుకమ్మ ప్రోగ్రాం ఉంటది నానమ్మా, స్టేజీ వేస్తరు, పెద్ద స్పీకర్లు పెడతరు" అన్నవు. పాట ఎవరు ఎత్తుతరే అంటె నవ్వినవు. "పెన్‌డ్రైవ్‌ల ఉంటయి" అన్నవు. ఆ మాట అప్పటి సంది నా మనసుల తిరుగుతనే ఉన్నది. అందుకనే పిలిచిన నిన్ను.

నేను పుట్టింది 1949ల. మా అమ్మగారి ఇల్లు హన్మకొండల, పద్మాక్షి గుట్ట కింద. అప్పట్ల వరంగల్, హన్మకొండ, కాజీపేట మూడూ మూడు ఊర్లే. నడుమల చెరువులు, పొలాలు, తంగేడు పొదలు. ఇప్పుడు కలిసిపోయినయి గని, ఆ రోజులల్ల హన్మకొండ నుంచి కాజీపేట స్టేషన్‌కు పోవుడంటె ఊరు దాటి పోయినట్టే.

కాజీపేట దిక్కు పెద్ద ఇంజనీరింగ్ కాలేజీ కడుతున్నరని, దానికి నెహ్రూ పునాదిరాయి ఏస్తడని తెలిసి ఊరంత కదిలింది. 1959, అక్టోబరు 10. నాకు పదేండ్లు. అవి బతుకమ్మ దినాలు. మా నాయిన నా చెయ్యి పట్టుకొని తోలుకపోయిండు. నెహ్రూ నాకు కానరాలే. కనపడ్డదంత రుమాళ్లు, తలకాయలు, ఎర్రటి దుమ్ము. తిరిగొచ్చేటప్పుడు తొవ్వ పొడుగునా తంగేడు పూసి ఉన్నది. మా నాయిన రుమాలు పరిచి, నిండ తెంపిండు. "పండిట్‌జీని చూసి ఏం తెచ్చిన్రు?" అని మా అమ్మ అడిగితె ఆ మూట విప్పి చూపిండు. అదే రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ. 2002 నుంచి ఎన్‌ఐటీ అంటున్నరు. మా తరమోళ్లకు ఇప్పటికీ ఆర్‌ఈసీనే. మెడికల్ కాలేజీ కూడ ఆ ఏడే వచ్చింది. కాకతీయ యూనివర్సిటీ తర్వాత, 1976ల. ఊరు కాలేజీల ఊరైంది అట్లనే.

బతుకమ్మ కంటె ముందు బొడ్డెమ్మ. పెండ్లిగాని పిల్లలు ఆడేది. పీట మీద పుట్టమన్నుతోటి గోపురం లెక్క మెట్లు మెట్లు కట్టి, ఎర్రమట్టి పూసి, పూలు గుచ్చి, సుట్టు తిరిగి ఆడుతుంటిమి. పాట నేర్చుకునే బడి అదే బిడ్డా. అక్కడ తప్పు పాడినా ఎవరూ ఏమనరు. పెత్తరామాస వచ్చే యాళ్లకు గొంతు కుదురుకునేది. ఇగ ఆ రోజు ఎంగిలిపూల బతుకమ్మ. అక్కడి నుంచి తొమ్మిది రోజులు అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, రోజుకో తీరు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆనాడు ఆడరు. ఆఖరుకు సద్దులు.

నీ చేతుల ఉన్న ఆ గునుగును చూడు. ఒట్టిగ చూస్తె గడ్డిపువ్వు. చేన్లల్ల కలుపని పీకేస్తరు. దాన్ని పిడికెడు పట్టుకొని, కాడలు సమానంగ కోసి, దారంతోటి కట్టి, కొసలు రంగునీళ్లల్ల ముంచాలె. గులాబి, ఊదా, ఆకుపచ్చ. కొన్ని తెల్లగనే ఇడిచిపెట్టాలె, లేకుంటె రంగు రంగుల కలిసిపోయి వరుస తేలదు. మా అమ్మ నా చేతికి ఎప్పుడూ రంగు గిన్నెనే ఇస్తుండె. దసరా సెలవులు అయిపోయి బడికి పోయినా నా గోర్ల సందుల గులాబి రంగు పోకుండె.

పేర్చుడు అమ్మ పని. తాంబాళంల గుమ్మడాకులు పరిచి, అంచుకు తంగేడు, దాని మీద గునుగు, మళ్ల బంతి, కట్లపూలు, మళ్ల గునుగు. వరుస వరుసకు నడుమ ఖాళీల ఆకులు, పూల కాడలు తుంచి దట్టంగ కూరాలె. అసలు బలం అండ్లనే ఉంటది. పైకి పూలే కనపడతయి గని లోపల ఆకు సరిగ కూరకుంటె, నెత్తిన పెట్టుకొని నాలుగడుగులు ఏసే వరకు ఒక దిక్కుకు ఒరుగుతది. శిఖరాన గుమ్మడిపువ్వు, పక్కన పసుపు గౌరమ్మ. మా ఇంట్ల సద్దుల నాటి బతుకమ్మ నా నడుముకు వస్తుండె.

మా అన్న 1962ల ఆ ఇంజనీరింగ్ కాలేజీల చేరిండు. అప్పుడు సగం సీట్లు మన రాష్ట్రపోళ్లకు, సగం బయటి రాష్ట్రాలోళ్లకు. దసరా సెలవులకు దగ్గరోళ్లు ఇంటికి పోయేటోళ్లు. దూరపోళ్లు హాస్టల్ల ఉండిపోయేటోళ్లు. అన్న ఒక కేరళ పిలగాన్ని ఇంటికి తీసుకొచ్చిండు. మనిషి సన్నగ, నలుగురిల సిగ్గుపడుకుంట ఉండె. మన మాట రాదు. మొదటి రోజు అరుగు మీద కూసొని పూలనే చూసిండు. రెండో రోజు తెల్లారకముందే మా అన్నతోటి పొలాలకు పోయి, మంచుకు తడిసిన గునుగు మోపు మోసుకొచ్చిండు. ఓణంకు వాళ్లు వాకిట్ల నేల మీద పూలు పేరుస్తరట. ఆ సంగతి చేతులతోటి చూపిచ్చిండు. "మీరు కింద పరుస్తరు, మేం పైకి కడతం, పూలు పూలే గద బిడ్డా" అన్నది మా అమ్మ. ఆమె తెలుగు ఆ పిలగానికి ఎంత తెలిసిందో గని, నవ్విండు.

ఆ సాయంత్రం అమ్మ పాట ఎత్తింది. ఆడోళ్లందరు ఉయ్యాలో అని అందుకున్నరు. ఆ పిలగాడు లాంతరు కింద కూసొని నోటుబుక్కుల ఏందో రాసుకుంటున్నడు. ఆట అయిపోయి సత్తుముద్దలు పంచేటప్పుడు అన్న ఆ బుక్కు చూపెట్టుమన్నడు. అంత మలయాళ అక్షరాలే. ఆ పిలగాడు లేచి నిలబడి, ఆ అక్షరాలు చూసుకుంట, మా అమ్మ పాటను మా అమ్మకే చదివి వినిపిచ్చిండు. కొన్ని మాటలు ఇరిగినయి, కొన్ని సాగినయి. గని ఒక్క చరణం తప్పలే. మా అమ్మ చేతిల సత్తుముద్ద చేతిలనే ఉన్నది. అక్షరం ముక్క రాని మనిషి ఆమె. తన పాట కాయితం మీద ఉండుడు ఆమె చూసింది అదే మొదటిసారి, అదీ పరాయి అక్షరాలల్ల.

మా అన్న ఆ సెలవులల్ల పొద్దంత రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయంల ఉండేటోడు. 1904ల పెట్టిన గ్రంథాలయం అది, నిజాం కాలంల తెలుగు పుస్తకాలు దాచిన ఇల్లు. పేపర్లల్ల వచ్చే సంగతులన్ని రాత్రి అన్నం కాడ చెప్పేటోడు. మన మట్టెవాడల పుట్టిన నేరెళ్ల వేణుమాధవ్ ఒక్క గొంతుల వంద గొంతులు పలికిస్తుంటె ఊరంత మురిసేది. ఇప్పుడు పబ్లిక్ గార్డెన్ల ఆయన పేరు మీద కళాప్రాంగణం ఉన్నది, నువ్వూ చూసినవు. మన కవి కాళోజీ సంగతి చెప్పనే పనిలేదు. ఆయన పుట్టిన రోజు సెప్టెంబరు 9, మన భాష పండుగ. బళ్లె పుస్తకాల భాష గొప్పది, ఇంట్ల మాట్లాడేది మోటుది అని మాకు నేర్పిన రోజులవి. మన నోట్ల ఆడే మాటనే భాష అని ఆయన అంటుంటె, బతుకమ్మ పాటలు పాడే మా అసొంటోళ్లకు ఎంత ధైర్యమొచ్చిందో నీకెట్ల చెప్పాలె! బాలసముద్రంల ఆయన పేరున కళాక్షేత్రానికి 2014ల పునాది ఏసిన్రు, పదేండ్లకు 2024 నవంబరుల తెరిసిన్రు.

నువ్వులు చిటపటమంటున్నయి, కలుపు కలుపు. ఆఁ, గట్ల.

1967ల నా పెండ్లి. కరీమాబాద్‌కు వచ్చిన. దసరా అంటె ఇక్కడ ఉర్సు గుట్ట కాడ రంగలీల మైదానం. పాలపిట్టను చూసి, జమ్మి ఆకు చేతుల పెట్టి పెద్దోళ్ల కాళ్లు మొక్కి, అలాయ్ బలాయ్ తీసుకొని, చీకటి పడే వరకు మైదానంకు చేరాలె. మీ తాత నన్ను గోడ మీద కూసోబెట్టి చూపిచ్చిండు రావణుని. వెదురు బద్దలు కట్టి, కాయితాలు అంటిచ్చి, కడుపుల పటాకులు కూరి నిలబెట్టిన్రు. నిప్పు అంటుకుంటె ఒక్కో తలకాయ పగులుతుండె. మళ్ల దీపావళికి అదే మైదానంల నరకాసురుడు. దసరా దినాలల్లనే భద్రకాళి అమ్మవారి నవరాత్రులు, చెరువుల తెప్పోత్సవం. ఎనభైల ఆఖర్ల అయితె కాజీపేట బియాబానీ దర్గా ఉర్సు కూడ ఈ దినాలకే పడ్డది. వాళ్ల నెలలు ఏటేటా ముందుకు జరుగుతయి గద. మీ తాత ఒక రాత్రి రావణుని చూసి, ఇంకో వారం ఖవ్వాలీ ఇని, తెల్లారగట్ల ఇంటికొచ్చేటోడు.

మా అత్త ఈ వాడల పాట ఎత్తే మనిషి. పాట ఎత్తుడంటె గొంతు పెద్దగుంటె చాలదు. ఏ పాట తర్వాత ఏది పాడాలె, అలిసినోళ్లు ఎవరు, చప్పట్లు ఎక్కడ జోరు చెయ్యాలె, వాయనం యాళ్ల ఎప్పుడైతది, అన్నీ ఆమెనే చూసుకోవాలె. కొత్తగ కడుపుతోటి ఉన్న పిల్ల వరుసల ఉంటె మా అత్త అడుగు నెమ్మదిగ ఏసేది. ఎవరింట్లనన్న ఆ ఏడు చావైతె, వాళ్లను పక్కకు కూసోబెట్టుకొని ఆ మనిషి మీద అక్కడికక్కడ రెండు చరణాలు కట్టేది. ఏడ్సేటోళ్లు ఏడ్సేటోళ్లే, చప్పట్లు చప్పట్లే. ఆ పాటలు ఏ పుస్తకంల లేవు.

మూడో ఏడు సద్దుల నాడు మా అత్త నా దిక్కు తిరిగి, "ఎత్తే కోడలా" అన్నది. నలభై మంది ఆడోళ్లు. మా అమ్మ పాటనే ఎత్తిన. ఐదు చరణాలు మంచిగనే పోయినయి. ఆరోది రాలే. నాలుక మీదికి వస్తది, జారిపోతది. నలభై జతల చేతులు చప్పట్లు కొడుతనే ఉన్నయి, అడుగులు పడుతనే ఉన్నయి, నేను మాత్రం నోరు తెరిసి నిలబడ్డ. చెమటలు పట్టినయి. పుట్టినిల్లు పరువంత చెరువుల కలిసినట్టే అనిపిచ్చింది. అప్పుడు మా అత్త నా పాట గుంజుకోలే. నా పక్కకు జరిగి, నాకు మాత్రమే ఇనపడేటట్టు ఆ చరణం మొదటి మాట ఒక్కటే అన్నది. అంతే. మిగిలింది నేనే పాడిన. ఆమెకు మా అమ్మ పాట ఎట్లొచ్చని తర్వాత అడిగితె, "మీ ఇంటికి సంబంధానికి వచ్చినప్పుడు మీ అమ్మ పనిచేసుకుంట పాడింది గదనే" అన్నది.

నలభై ఏండ్లు ఈ వాడల పాట నేనే ఎత్తిన. 2011ల తెలంగాణ కోసం సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది చూడు, అండ్లనే బతుకమ్మ వచ్చింది. నౌకర్లు బంద్, బస్సులు బంద్. బతుకమ్మలు చెరువు కాడికి కాదు, రోడ్డు నడుమల దించినం. యూనివర్సిటీ ఆడపిల్లలు హాస్టళ్లల్ల నుంచి వచ్చిన్రు, జీన్‌ప్యాంట్లు ఏసుకున్నోళ్లు కూడ నా ఎనుక అడుగేసిన్రు. బొగ్గు మీద, నీళ్ల మీద, కొలువుల మీద పాట కట్టి అడిగితె అందుకున్నరు. వాళ్లల్ల ఒకరికి ఒకరు తెల్వరు. గంటల గొంతులు కలిసినయి. 2014ల రాష్ట్రమొచ్చినంక బతుకమ్మ సర్కారు పండుగైంది. వేయిస్తంభాల గుడి కాడ లైట్లు పెట్టి చేస్తున్నరు. రుద్రదేవుడు 1163ల కట్టిచ్చిన గుడి ముందట మన ఆడపిల్లలు అంతమంది ఆడుతుంటె నాకు కండ్లల్ల నీళ్లొస్తయి, అది నిజం.

గని ఆ స్పీకర్ డబ్బాల సప్పుడుకు చప్పట్లు ఇనపడుతలేవు బిడ్డా. రికార్డు పాట ఎవరి కోసం ఆగదు. కడుపుతోటి ఉన్న పిల్లను చూడదు. పాట మర్చిపోయినోళ్ల పక్కకు జరగదు. నిరుడు మన వాడల పెట్టెలు పెట్టిన్రు. నేను ఎత్తబోయిన, నా గొంతు నాకే ఇనపడలే. ఇంటికొచ్చి అన్నం తినలే ఆ రాత్రి. ఈ ఏడు పదిమంది ఇండ్లకు నేనే పోయి అడిగిన. ఆట మొదటి గంట పెట్టెలు బంద్ పెడతమన్నరు. ఒక గంట. చాలు.

దింపు ఇగ, రంగొచ్చినయి నువ్వులు. చాటల పొయ్యి, ఆరనీ. ఆ కట్టలు మంచిగనే కట్టినవు, కొసలు మాత్రం ఇంకా సమానం కోయాలె. చేతులు కడుక్కోకు, రంగు గిన్నె ఇంకా ఉన్నది. మా అమ్మ పాట నీకు ఆరు చరణాల వరకు వస్తది, నాకు తెలుసు, స్నానం చేసుకుంట పాడుతుంటె ఇన్న. రేపు చెరువు కట్ట మీద మొదటి పాట నువ్వే ఎత్తు. ఏడోది నాలుక మీదికి రాకుంటె నా దిక్కు చూడు. నేను నీ పక్కనే నడుస్తుంట.