పుట్టినరోజును పంచిన పంతులు

దగ్గరకొచ్చి కూసోండ్రి, చలి పెడుతుంది. ఇగో చిన్నోడా, ఆ కందికట్టెను మంటలకు ఎగదొయ్యి.

అప్పటికి సాగర్ కాల్వ రాలే. కోదాడ, మిర్యాలగూడ దిక్కు జొన్నలు, సజ్జలు, ఆముదాలు పండే మెట్ట చేన్లే. 1949ల నేను సూర్యాపేటల మా మేనమామ ఇంట్ల ఉండి చదువుకుంటున్న. చుట్టు ఊర్లల్ల కమ్యూనిస్టుల సాయుధ పోరాటం నడుస్తుండె. రష్యా పేరు ఇనని ఇల్లు లేకుండె. ఆ ఏడే మా పంతులు బడిల చెప్పిండు: మన దేశం తరఫున మాస్కోకు రాయబారిగ ఒక తెలుగాయన పోయిండు, ఆయన సుత పంతులే అని. నాకు నమ్మబుద్ధి కాలే. సుద్దముక్క పట్టెటాయన పోయి స్టాలిన్ ముందట కూసుంటడా?

కూసున్నడు. ఆయనే సర్వేపల్లి రాధాకృష్ణన్. 1888ల తిరుత్తణిల పుట్టిండు. ఇంటిపేరేమో నెల్లూరు దిక్కు సర్వేపల్లిది. లేనింటి పిలగాడు, స్కాలర్‌షిప్పులతోనే చదువు గట్టెక్కింది. తత్వశాస్త్రం తీసుకున్నది సుత, చుట్టపాయన చదివిన పుస్తకాలు ఉట్టిగ దొరికినయనే. 1921ల మైసూరు ఇడిసి కలకత్తా పోతుంటే, శిష్యులే ఆయన బండిని గుంజుకుంట స్టేషన్ దాక తోల్కపోయిండ్రు. 1931 నుంచి అయిదేండ్లు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్‌ఛాన్సలర్. 1952ల మాస్కో నుంచి తిరిగొచ్చి ఉపరాష్ట్రపతి, 1962ల రాష్ట్రపతి అయిండు.

ఆ 1962లనే నేను మిర్యాలగూడ దిక్కు బడిల పంతులుగ చేరిన. రాధాకృష్ణన్ పుట్టినరోజు చేస్తమని ఆయన శిష్యులు పోతే, నాకొక్కనికి వద్దు, పంతుళ్లందరి రోజుగ చెయ్యండ్రి అన్నడట. కష్టంల పడ్డ పంతుళ్ల కోసం సర్కారు సంక్షేమ నిధి పెట్టింది సుత ఆ ఏడే. అటెన్క సెప్టెంబర్ 5 వచ్చిందంటే మా పిల్లలు ఆ నిధి కోసం చిన్న కాగితపు జెండాలు పట్టుకొని బజార్ల తిరిగేటోళ్లు. కూలికి పోయే తల్లి సుత కొంగుముడి ఇప్పి పైసలేసి, జెండా తీసుకునేది.

1967 మే నెలల ఆయన పదవి దిగిండు. 1975ల, కన్నుమూసిన ఏడే వచ్చిన టెంపుల్టన్ బహుమతి సొమ్మంత ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి రాసిచ్చిండు. పైసలు దానం చేసినోళ్లను శానమందిని చూసిన. పుట్టినరోజును దానం చేసినాయనను ఈయన ఒక్కనినే చూసిన.

మీకు ఓనమాలు దిద్దించిన సారు కోదాడల ఒక్కరే ఉంటున్నరు కదరా. సెప్టెంబర్ దాక ఆగకండ్రి. రేపు పొద్దుగాలనే పోయి, ఆయన దగ్గర ఒక గడియ కూసొని రాండ్రి.