సూరత్ తీర్పు: శిక్ష ఆగినా పదవి ఎందుకు పోయింది?

2023 మార్చి 23న సూరత్ చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ కోర్టు క్రిమినల్ పరువు నష్టం కేసులో రాహుల్ గాంధీకి రెండేళ్ల జైలు శిక్ష వేసింది. 2019లో కోలార్ ఎన్నికల సభలో 'మోదీ' ఇంటిపేరుపై చేసిన వ్యాఖ్య మీద వేసిన కేసు అది. అప్పీలుకు వీలుగా అదే రోజు శిక్షను 30 రోజులు నిలిపేసింది కూడా. అయినా మర్నాడే లోక్‌సభ సచివాలయం ఆయన్ను అనర్హుడిగా ప్రకటించింది. శిక్ష ఆగితే పదవి ఎలా పోయింది? పాలిటీలో చాలామంది తడబడేది ఇక్కడే.

పదేళ్లు వెనక్కి వెళ్లండి. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 8(3) ప్రకారం రెండేళ్లు, ఆపైన శిక్ష పడితే దోషిగా తేలిన రోజు నుంచే అనర్హత. విడుదలయ్యాక మరో ఆరేళ్లు ఉంటుంది. అయితే సిట్టింగ్ సభ్యులకు 8(4) రక్షణ ఇచ్చేది: మూడు నెలల్లో అప్పీలు వేస్తే అది తేలేదాకా సీటు పదిలం. 2013 జులై 10న లిలీ థామస్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అభ్యర్థులకు ఒక రూలు, సభ్యులకు ఇంకో రూలు పెట్టే అధికారం పార్లమెంటుకు లేదంది. ఆ తీర్పును తప్పించేందుకు యూపీఏ ప్రభుత్వం సిద్ధం చేసిన ఆర్డినెన్సును చించి పారేయాలన్నది రాహుల్ గాంధీయే! అది వెనక్కి వెళ్లిపోయింది.

ఇక మిగిలిన దారి ఒక్కటే, దోష నిర్ధారణపై స్టే. శిక్షపై స్టే వస్తే జైలు తప్పుతుంది, దోషి అన్న ముద్ర పోదు. ఆ ముద్రనూ అప్పీలు కోర్టు అరుదైన సందర్భాల్లో ఆపవచ్చని రమా నారంగ్ (1995), నవజ్యోత్ సింగ్ సిద్ధూ (2007) కేసుల్లో తేలింది.

ఈ రెండో స్టే కోసం చేసిన వినతిని సూరత్ సెషన్స్ కోర్టు ఏప్రిల్ 20న, గుజరాత్ హైకోర్టు జులై 7న తిరస్కరించాయి. ఆగస్టు 4న సుప్రీంకోర్టు ఇచ్చింది. గరిష్ఠ శిక్ష ఎందుకో ట్రయల్ కోర్టు కారణం చెప్పలేదనీ, ఒక్క రోజు తగ్గినా 8(3) వర్తించేది కాదనీ, నష్టం ఓటర్లకూ ఉందనీ గుర్తించింది. నా ఉద్దేశంలో ఆ చివరి మాటే కీలకం. ఆగస్టు 7న సభ్యత్వం తిరిగొచ్చేసరికి వయనాడ్‌కు నాలుగు నెలలకు పైగా ఎంపీ లేరు. ఇది నిర్దోషి అన్న తీర్పు కాదని మాత్రం రాయడం మరవకండి.

ఉదాహరణగా అప్పటి లక్షద్వీప్ ఎంపీ మహమ్మద్ ఫైజల్‌నూ చేర్చండి. కేరళ హైకోర్టు 2023 జనవరి 25న స్టే ఇచ్చినా, ఆయన సభ్యత్వం మార్చి 29న గానీ తిరిగి రాలేదు, అదీ సుప్రీంకోర్టుకు వెళ్లాక.