జాతి వేరు, రాజ్యం వేరు

జాతి, రాజ్యం అనే మాటల్ని మనం చాలాసార్లు ఒకే అర్థంలో వాడేస్తుంటాం. హిందీలో ‘రాష్ట్ర’ అంటే జాతి. తెలుగులో రాష్ట్రం అంటే దేశంలో ఒక భాగం. అందుకే గందరగోళం ఇంకా ఎక్కువవుతుంది.

రాజనీతి సామాజిక శాస్త్రం ప్రకారం భూభాగం, ప్రజలు, ప్రభుత్వం, సార్వభౌమాధికారం ఈ నాలుగూ ఉంటేనే రాజ్యం. జాతి అలా కాదు. “మనమంతా ఒకటి” అనే భావనే జాతికి ఆధారం. భాష, చరిత్ర, ఆచారాలు ఆ భావనకు బలమిస్తాయి. 1795లో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పోలండును పూర్తిగా పంచేసుకున్నాయి. 1918 దాకా పోలండు రాజ్యం లేదు. పోలిష్ జాతి మాత్రం ఉంది! రాజ్యం పోయినా జాతి మిగలగలదని దీనివల్ల తెలుస్తుంది.

ఈ తేడా తెలుసుకోవడానికి అంత దూరం వెళ్ళక్కర్లేదు. మన టి. నగర్‌కు ఆ పేరు పిట్టి త్యాగరాయ చెట్టి గారి వల్ల వచ్చింది. పానగల్ పార్కు పేరు పానగల్ రాజా గారిది. ఆయన 1921 నుండి 1926 వరకు మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రథమ మంత్రి. ఇద్దరూ జస్టిస్ పార్టీ నాయకులే, ఇద్దరూ తెలుగువారే. ఆ రోజుల్లో తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ ప్రాంతాల వాళ్ళు ఒకే ప్రెసిడెన్సీలో ఉండేవారు. అంటే పాలన ఒకటి, భాషలు ఎన్నో.

స్వాతంత్ర్యం వచ్చాక ప్రత్యేకాంధ్ర కోసం పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబరు 19న మైలాపూరులో, బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో నిరాహార దీక్ష మొదలుపెట్టారు. డిసెంబరు 15న ప్రాణాలు వదిలారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. “మద్రాసు మనదే” అని తెలుగువాళ్ళు ఎంత పోరాడినా మద్రాసు నగరం మాత్రం రాలేదు. శ్రీరాములు గారు పుట్టిందీ, ప్రాణం విడిచిందీ ఈ నగరంలోనే.

రాష్ట్రం పూర్తి రాజ్యం కాదు. సార్వభౌమాధికారం భారతదేశానిదే. అయినా రాష్ట్రానికీ సరిహద్దు, ప్రభుత్వం ఉన్నాయి కాబట్టి మన ఉదాహరణకు సరిపోతుంది. తిరుత్తణినే చూడండి. 1953లో అది ఆంధ్రలో ఉంది. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో చేరింది. ఒక్క రోజులో ప్రభుత్వం మారింది. కానీ ఇళ్ళల్లో మాట్లాడే భాష ఒక్క రోజులో మారుతుందా?

“తమిళనాడులో ఉంటూ తెలుగు ఎందుకు చదువుతున్నారు?” అని మనల్ని చాలామంది అడుగుతారు. ఒక రాష్ట్రంలో ఒకే భాషవాళ్ళు ఉండాలనుకోవడం వల్ల వచ్చే ప్రశ్న ఇది. గీత ఎక్కడ గీసినా అటు కొందరు, ఇటు కొందరు మిగిలిపోతారు. చిత్తూరులో తమిళులు ఉన్నారు, చెన్నైలో మనం ఉన్నాం. మన రాజ్యాంగం రాసిన పెద్దలకు ఈ సంగతి తెలుసు. అందుకే 29, 30 అధికరణాల్లో అల్పసంఖ్యాకులకు తమ భాషను కాపాడుకునే హక్కు, సొంత విద్యాసంస్థలు నడుపుకునే హక్కు ఇచ్చారు. 1956లో చేర్చిన 350ఎ అధికరణం భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని చెబుతుంది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. మనం భారత పౌరులం, తమిళనాడు వాసులం, తెలుగువాళ్ళం. ఈ మూడింటికీ గొడవ లేదు. తమిళం బాగా నేర్చుకుందాం, చట్టాన్ని గౌరవిద్దాం. అయితే రాజ్యం హక్కు ఇవ్వగలదు, బడికి అనుమతి ఇవ్వగలదు గానీ, మన బదులు తెలుగు మాట్లాడలేదు కదా! ఇంట్లో అమ్మానాన్నలతో, బడిలో స్నేహితులతో ఆ పని మనమే చెయ్యాలి.