షాంపేను పేరు ఎవరిది?

మద్యపానమును నిరసించు గృహములకు పోవు పత్రికలో ఫ్రెంచి ద్రాక్షమద్యముల ప్రసక్తి యేల యని చదువరులు మమ్మడుగవచ్చును. ఆ పానీయముల రుచితో మాకు పనిలేదు. ఒక సీమపేరు అచ్చటి మట్టిలో పాటుపడు కర్షకునిదా, ఆ పేరు చెప్పి బేరమాడు వర్తకునిదా యను తగవు ఫ్రాన్సుదేశమున ఇండ్లు తగులబెట్టుకొనుదాక పోయినది. మేము చెప్పదలచినది ఆ తగవును గూర్చి.

గొప్పపేర్ల కథను 1855తో మొదలిడుట వాడుక. మూడవ నెపోలియను కాలమున పారిసులో జరిగిన ప్రదర్శనమునకై బోర్డో దళారులు తమ ప్రాంతపు మద్యములకు తరగతు లేర్పఱచిరి. ఎఱ్ఱమద్యములలో లఫీతు, లతూరు, మార్గో, ఓబ్రియాన్ అను నాలుగింటికి మొదటి తరగతి దక్కెను. ముఖ్యమైన కొలబద్ద చిరకాలముగా పలికిన ధరయే. మన కులముల పట్టికవలె అదియు కదలకుండెను. తరువాత మొదటి తరగతి కెక్కగలిగినది 1973లో మూతోన్ రోత్షీల్డు ఒక్కటియే.

ఇంతలో, 1860 తరువాత, అమెరికాతీగెలతో వచ్చిన ఫిలాక్సెరా యను పురుగు ద్రాక్షవేళ్ళను తినివేయసాగెను. 1875లో 8 కోట్ల హెక్టోలీటర్లకు మించిన ఉత్పత్తి 1889 నాటికి 2 కోట్ల 40 లక్షలలోపునకు దిగజాఱెను. తెగులు తెచ్చిన అమెరికాయే మందు నిచ్చినది: పురుగునకు లొంగని అమెరికావేరుపై ఫ్రెంచితీగెను అంటుగట్టిరి. కాని కొఱత కల్తీని కనినది. ఎండుద్రాక్షను నానబెట్టి పులియించిన సరకునకును లోటులేకపోయెను. 1905లో మోసమును శిక్షించు చట్టము వచ్చినది.

షాంపేనులో రైతు ద్రాక్ష నమ్మును. సీసాపై పేరు వర్తకునిది. వర్తకులలో కొందఱు అన్యప్రాంతముల ద్రాక్షను చవుకగా తెప్పించి షాంపేను పేరుతోనే యమ్ముచుండిరి. 1908లో ప్రభుత్వము ఎల్లలు గీచి, మార్న్ మండలమును ముఖ్యముగా లోనుంచి, ఓబ్ మండలమును వెలివేసెను. 1910 పంట నాశనమయ్యెను. 1911 జనవరిలో మార్న్ రైతులు దామెరీ మొదలగు గ్రామములలో పైమద్యపు పీపాలను నదిపాలు చేసిరి.

ఓబ్ వారి మొఱయు తేలికగా త్రోసివేయదగినది కాదు. షాంపేను ప్రభువుల ప్రాచీన రాజధాని త్రువా నగరము తమ మండలములోనే యున్నదనిరి. మార్న్ వారు తమ సుద్దనేలను చూపిరి. ఒకరిది చరిత్ర, మఱియొకరిది మట్టి! ఇరువురును పేదరైతులే, వర్తకునిపై లేవవలసిన చేయి పొరుగువానిపై లేచినది. ఎల్లలను తొలగింపుడని శాసనసభ పెద్దలు సూచింపగా, ఏప్రిలు 12న ఆయి పట్టణమున మార్న్ రైతులు వర్తకుల భవనములకు నిప్పంటించిరి. సైన్యము దిగెను. జూనులో ఓబ్ నకు ‘రెండవ మండలము’ అను పేరు దక్కెను. వడ్డనలో తుదిపంక్తి వంటి ఆ గౌరవము వారికి రుచింపలేదు. 1927లో గాని పూర్తి హక్కు రాలేదు.

1935లో జోసెఫ్ కాపూ ప్రయత్నమున వచ్చిన శాసనము ఎల్లలతో నాగక, ఏ జాతి తీగె, ఎకరమున కెంత దిగుబడి, ఎట్టి పద్ధతి యని నిర్ణయించెను. ఎల్ల గీచినంతనే నాణ్యము రాదని గ్రహించుటయే అందలి విశేషమని మా తలంపు. మనదేశమున 1999 నాటి భౌగోళికచిహ్నముల చట్టము ఈ వంశములోనిదే. పోచంపల్లి నేతకును, బంగినపల్లి మామిడికిని దానివలన రక్షణ లభించినది. అయినను యంత్రముపై అచ్చొత్తిన గుడ్డను పోచంపల్లి యని నమ్మి కొనువారు నేటికిని కలరు.

ఈ హక్కు మఱొక వంకకును తిరిగినది. స్విట్జర్లండులోని వో రాష్ట్రమున షాంపేను అనియే ఒక చిన్నగ్రామము కలదు. అచ్చటివారును తరతరములుగా ద్రాక్ష పండించువారే. ఐరోపా సమాఖ్యతో స్విట్జర్లండు చేసికొన్న యొడంబడిక ననుసరించి 2004 నుండి తమ సీసాలపై తమ యూరిపేరు వ్రాసికొనుట వారు మానవలసివచ్చెను.